చెత్తబర్రె

ఆ పొద్దు ఆకాశం తడి బూడిద రంగులో, ఇళ్ళ మీదికి దిగి కూర్చున్నట్టు ఉంది. గాలి సోకడం లేదు. తూర్పున గని మీద లేచిన బొగ్గు దుమ్ము లేచినచోటే నిలబడిపోయింది. దాని వెనక సూర్యుడు నలిగిన రాగిబిళ్ళలా కనబడుతున్నాడు. ఓదెలు వాకిట్లో నిలబడి కాసేపు పైకి చూశాడు. బర్లు కాసి బతికినవాడు. గాలి లేని రోజున ఎక్కడి వాసన అక్కడే ముద్దగా ఉంటుందని, అలాంటి రోజున పశువు మాట వినదని అతనికి తెలుసు. ఎవరితోనూ అనలేదు. కర్ర తీసుకుని చెత్తబర్రె గుంత వైపు నడిచాడు.

ఎర్రకుంటపల్లె ఖాళీ అయ్యే రోజు అది. గని ఊరి అంచు దాకా వచ్చింది. ఊరి కిందున్న బొగ్గు గనివాళ్ళకు కావాలి, ఊరు వాగు అవతలి కొత్త కాలనీకి పోవాలి. పెంకులు, దూలాలు, దర్వాజాలు దింపి చాలామంది ముందే పంపించారు. మొండి గోడలు మాత్రం కిటికీ బొక్కలతో నిలబడి ఉన్నాయి.

అంతకుముందు మొగిలిపల్లె ఇలాగే ఖాళీ అయింది. అక్కడివాళ్ళు పోతూ పోతూ పనికిరానివన్నీ ఊరి నడుమ కుప్పబోసి అంటించి పోయారు. పరుపులు, టైర్లు, విరిగిన ప్లాస్టిక్ కుర్చీలు అన్నీ కాలాయి. ఆ మంట నేలలోకి దిగి బొగ్గు పొరను పట్టుకుంది. మొగిలిపల్లె ఇప్పటికీ కాలుతూనే ఉంది. జోరు వానలో కూడా నేల పగుళ్ళలోంచి పొగ వస్తుంది. అటు మేతకు పోయిన మేకలు డెక్కలు కాలి తిరిగొచ్చాయి. అందుకని ఎర్రకుంటపల్లెకు రెండు కట్టుబాట్లు పెట్టారు. ఊళ్ళో ఎవరూ కట్టెల పొయ్యి గానీ మంట గానీ వెయ్యకూడదు. ఊరు విడిచేటప్పుడు చెత్త అన్నది మిగలకూడదు.

ఆ రెండో కట్టుబాటు కోసం వచ్చిందే చెత్తబర్రె.

తెచ్చినవాడు పరాయివాడు కాదు, ఓదెలు తమ్ముడు సదానందం. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి చెదపుట్టల ముందు కూర్చునేవాడు. పెద్దయ్యాక వరంగల్లులో ప్రయోగశాలలో చేరి, చెదపురుగు కడుపులో కట్టెను అరిగించే క్రిములను జలగ కండలో పెంచాడు. పెళ్ళి మాట ఎత్తనియ్యలేదు. గాజు తొట్టెల మధ్యనే తల నెరిసింది. చివరికి ఒక ప్రాణి తయారైంది. దానికి అతను పెట్టిన పొడుగాటి పేరును ఊరి ఆడవాళ్ళు మొదటి రోజే తీసి అవతల పెట్టారు.

అది నల్లటి తడి తోలు. నాలుగు గొంగళ్ళు కలిపి పరిచినంత వెడల్పు. తల లేదు, తోక లేదు, కళ్ళు లేవు. కిందంతా నోరే. ముందటి అంచున మాత్రం అరచేయంత తెల్లటి మెత్తని మడత ఒకటి ఉండేది. సదానందం దాన్ని నాలుక అనేవాడు. ఏదైనా వస్తువును ఆ నాలుకకు పదేపదే అందిస్తే ఆ వాసన తన మేత అని నేర్చుకుంటుంది. ఆ తర్వాత అది ఎక్కడున్నా వెతుక్కుంటూ పోయి మింగుతుంది. నేర్పనిదాన్ని ముట్టదు. పాలిథిన్ కవర్లు నేర్పిన రోజు మోరీలన్నీ నాకి, కొమ్మలకు చిక్కిన కవర్ల కోసం తుమ్మచెట్లు ఎక్కింది. అదే పూట దాని వీపు మీద మేకపిల్లలు గెంతుతుంటే ఊరుకుంది. పల్లానికైతే నీళ్ళు పారినట్టు పోతుంది, ఎగువకు మాత్రం నెమ్మది. మేసేటప్పుడు కదలదు. కర్రతో కొట్టినా, మీద బండి ఎక్కించినా మేత అయ్యేదాకా లేవదు. ఇది అచ్చం మా పాత చూడి బర్రె బుద్ధే అన్నాడు ఓదెలు. దాన్ని తోలే పని తమ్ముడు అతనికే ఇచ్చాడు.

మేసిన తర్వాత నల్లటి మెత్తని మట్టిని వదిలేది. ఇనుము, వెండి, గాజు దానికి అరగవు, మట్టిలో మెరుస్తూ పడి ఉండేవి. వాటిని ఏరి, మట్టిని గోనెసంచుల్లో కాలనీకి పంపేవారు. అక్కడిది ఒట్టి మొరం నేల. ఓదెలు భార్య లింగవ్వ అందరికంటే ముందు పోయి, కొత్తింటి పెరట్లో రెండు సంచులు పరిచి, బచ్చలి తీగ నాటి వచ్చింది.

ఊరంతా ఇళ్ళ ముందు రెండేసి కుప్పలు పోసుకుంది. పట్టుకపోయేది ఒకటి, విడిచిపెట్టేది ఒకటి. ఆ కుప్పల దగ్గర జరిగినన్ని తగాదాలు ఆస్తి పంపకాల్లో కూడా జరగలేదు. విడిచే కుప్పలో వేసిన అత్తగారి చాటను కోడలు చూడకుండా అత్తగారు పట్టుకపోయే కుప్పలో వేసేది. పాత చీపురు కొత్తింటికి పోగూడదు కాబట్టి చీపుర్లన్నీ బర్రె పాలయ్యాయి. పక్కింటి మొండయ్య ముసలాయన అరుగు మీద కూర్చుని పాన్ నములుతూ, రెండు కుప్పలనూ చూసి కొడుకులను అడిగాడు.

"నన్ను ఏ కుప్పల ఏస్తరో చెప్పున్రిరా. పోయి అండ్లనే పండుకుంట."

వాడకట్టు అంతా నవ్వింది.

ఓదెలు ఇంట్లో పట్టుకపోవలసింది ఒక్కటే, లింగవ్వ లెక్కలో. అది కూతురు రవళి. పుట్టినవాళ్ళు పుట్టినట్టే పోయి, చివరికి దక్కిన పిల్ల. పొడుగ్గా, నిండుగా ఎదిగింది. ఆ నెల్లో జ్వరం వచ్చి సగమైంది. చిన్ననాటి నుంచి ఆ పిల్లకు దిష్టి తీయకుండా లింగవ్వ పొద్దు గూకనిచ్చింది లేదు. తీసిన దిష్టిని పొయ్యిలో వేస్తే మిరపకాయలు చిటపటలాడేవి. ఇప్పుడు పొయ్యి లేదు. గ్యాసు మంట మీద వేస్తే ఇల్లంతా ఘాటెక్కింది. ఉప్పు, మిరపకాయలు గుప్పిట్లో పట్టుకుని ఎక్కడ పారెయ్యాలో తెలియక ఆమె వాకిట్లో నిలబడితే, మంచం మీద చాయ తాగుతున్న సదానందం నవ్వాడు.

"దిష్టి గూడ చెత్తనే గదా వదినే. బర్రె నోట్లెయ్, పీడ బోతది."

ఆమె పోయి దాని నాలుక మీదే వేసింది. బర్రె కాస్త ముడుచుకుని, తీసుకుంది. ఈ మాట వాడకట్టంతా పాకింది. ఊరు మారేటప్పుడు ఎవరికి భయం ఉండదు? సాయంత్రమయ్యేసరికి పిల్లల్ని, ముసలివాళ్ళని, అల్లుళ్ళని వెంటబెట్టుకుని ఆడవాళ్ళు వచ్చేవారు. లింగవ్వ చెయ్యి చల్లటిదని పేరు. ఆమె చేతనే తీయించుకునేవారు. ఊరు ఖాళీ అయ్యేదాకా ప్రతి పూటా ఇదే.

ఆ గాలి లేని ఉదయం ఓదెలు గుంత మీది రేకు జరిపాడు. ఎప్పుడూ బకెట్టు చూపిస్తే గానీ బయటికి రాని బర్రె, రేకు పూర్తిగా జరగకముందే అంచుమీదికి లేచింది. అతని కాళ్ళ పక్కనుంచి, అతన్ని తడిపి, దాటుకుని పోయింది. ఓదెలు కర్ర అడ్డం పెట్టాడు. కర్ర మీదుగా పారింది.

మొండయ్య అరుగు మీదే ఉన్నాడు. ట్రాక్టరు ఎక్కేముందు చివరిసారి అక్కడే పాన్ వేసుకుంటానన్నాడు. వాకిలంతా ఎర్రగా ఉమ్మి ఉంది. బర్రె ఆ ఎర్రటి మరకలను ఒక్కొక్కటే తుడుచుకుంటూ అరుగు దాకా వచ్చింది. ముసలాయన దాన్ని చూసి, దూరం కొట్టడానికి చెయ్యి లేపాడు. లేపిన చేతి మీదుగానే అది ఎక్కింది.

అరవడానికి కూడా వ్యవధి లేదు. తోలు కింద ముసలాయన మడమలు అరుగును దడదడ కొట్టాయి. పెద్దకొడుకు గడ్డపారతో దాన్ని పొడిచాడు. పొడిచిన రంధ్రం పిండిలో వేలు తీసినట్టు మూసుకుంది. చిన్నకొడుకు రెండు చేతులా అంచు పట్టుకుని లాగితే, అతని అరచేతుల తోలు దానికి అంటుకుని ఊడొచ్చింది. ఓదెలు గొడ్డలి తెచ్చి నరికాడు. నల్లటి నీరు మొహాన చిమ్మింది. మరోసారి నరికాడు. అది మేస్తోంది. మేసేటప్పుడు కదలదు. లోపల ఎముకలు పటపటమనడం, ఎండుకట్టె విరిచినట్టు, ఆ వాకిట్లో ఉన్నవాళ్ళందరికీ వినబడింది. మడమల చప్పుడు ఆగింది.

సదానందం పరిగెత్తుకుంటూ వచ్చేసరికి బర్రె అరుగు దిగి ఒక పక్కకు ఒరిగి పడి ఉంది. మేశాక కాసేపు అలా మగతగా ఉంటుంది. అరుగు మీద నల్లటి మట్టి కుప్ప, అందులో మొండయ్య మొలతాటి వెండి బిళ్ళ.

కొడుకులు సదానందం మీద పడ్డారు. అతను దెబ్బలు తింటూనే బర్రె వైపు చూస్తున్నాడు. మనిషిని ఇది నేర్వలేదు, నేర్పేవాడు ఎవడూ లేడు అంటున్నాడు. చెమట తుడుచుకున్న తువ్వాలు దాని ముందు పడేశాడు. కదలలేదు. చొక్కా విప్పి వేశాడు. కదలలేదు. పెద్దకొడుకు గుద్దిన దెబ్బకు పెదవి చిట్లితే, నోట్లోది పక్కకు ఉమ్మాడు. మగతలో ఉన్న బర్రె అంచు ఆ ఉమ్మి వైపు తిరిగింది.

సదానందం చప్పున వదినె కోసం చూశాడు. చప్పుడుకు వచ్చిన లింగవ్వ, రవళి గోడ పక్కన ఉన్నారు.

"వదినే, దిష్టి ఎట్ల తీసినవో చెప్పు."

"గదేం అడుగుడు ఇప్పుడు? నీకు తీయలేదా చిన్నప్పుడు మీ అవ్వ?"

"మర్సిపోయిన. చెప్పు."

లింగవ్వ ఒట్టి గుప్పిలి ముడిచి చూపించింది. ఉప్పు, ఎండు మిరపకాయలు, ఊడిన వెంట్రుకలు, కాలి కింది మన్ను. చుట్టూ తిప్పాలి. తిప్పి, గుప్పిట్లో ఉమ్మించాలి.

"బిడ్డ మూడుసార్లు ఉమ్మాలె. తీసెటామె గూడ తూ తూ అనాలె. లేకుంటె దిష్టి వోదు."

సదానందం నేల మీద కూర్చున్నాడు. పుట్టి పెరిగిన ఊళ్ళో రోజూ చూసిన పని. తాను నవ్వుతూ చెప్పిన మాట. ఊరంతా కలిసి, పూట పూటకూ, మనిషి ఎంగిలిని దాని నాలుక మీద పెట్టి నేర్పింది.

ఎవరి దిష్టి ఎక్కువసార్లు తీశారన్నది ఎవరూ అడగనక్కరలేదు. అందరూ రవళి వైపు చూశారు. ఓదెలు కూతురిని రెక్క పట్టుకుని, సామాను ఎక్కించిన ట్రాలీలోకి తోశాడు. లింగవ్వనూ ఎక్కమన్నాడు. వాగు దాటేదాకా ఆపవద్దని డ్రైవరుకు చెప్పాడు. ట్రాక్టరు కదిలింది.

కొడుకులు డీజిలు, అగ్గిపెట్టె అన్నారు. సదానందం లేచి అడ్డం నిలబడ్డాడు. అంటిస్తే మొగిలిపల్లె లాగా నేల అంటుకుంటుంది, ఊళ్ళో ఇంకా జనం ఉన్నారు అన్నాడు. గుంతలోకి తోలి కొన్నాళ్ళు మాడ్చితే నేర్చింది మరిచిపోతుంది అన్నాడు. ఆ మాటలన్నీ అయ్యాక, అన్న దగ్గరికి వచ్చి నెమ్మదిగా అన్నాడు.

"ఇది ఒక్కటే ఉన్నది అన్నా. మల్లోటి చెయ్యాలంటె నాకు ఆయుష్షు సాలది."

ఓదెలు జవాబు చెప్పేలోగా బర్రె లేచింది. అరచేతులు నెత్తురు కారుతున్న చిన్నకొడుకు దాని ముందే ఉన్నాడు. అతన్ని ముట్టలేదు. గుమిగూడిన జనం కాళ్ళ మధ్య నుంచి జారి, ట్రాక్టరు పోయిన బాటన, పల్లానికి, నీళ్ళలా పారిపోయింది.

ఓదెలు ఇంకేమీ వినలేదు. రెండో ట్రాక్టరు దగ్గరున్న డీజిలు క్యాను అందుకున్నాడు. సదానందం రెండు చేతులా దాన్ని పట్టుకున్నాడు. ఓదెలు వదలమన్నాడు. అతను వదల్లేదు. ఓదెలు గొడ్డలి తిరగేసి కామతో తమ్ముడి దవడ మీద కొట్టాడు. దవడ విరిగిన చప్పుడు ఇద్దరికీ వినబడింది. సదానందం నోట్లోంచి పళ్ళు, నెత్తురు దుమ్ములో పడ్డాయి. క్యాను అన్న చేతిలోకి వచ్చింది.

వాగు మలుపు దగ్గర డ్రైవరు వెనక్కి చూశాడు. చూసినవాడు బెదిరి స్టీరింగు గిర్రున తిప్పాడు. ట్రాలీ గండిలోకి ఒరిగింది. దూలాలు ముందుకు జారి డ్రైవరు నడుము మీద పడ్డాయి. అతను అక్కడే పోయాడు. పరుపుల మీద కూర్చున్న తల్లీబిడ్డలు ఎగిరి పొదల్లో పడ్డారు. లేచి చెరో దిక్కూ పరిగెత్తి, మళ్ళీ కలిసి, ఊరి వైపు ఎగువకు పరుగందుకున్నారు. నోరు పట్టుకుని అన్న వెనకాలే వస్తున్న సదానందం దిబ్బ మీద నుంచి ఇదంతా చూశాడు. చూసి ఆగిపోయాడు.

ఓదెలు వాళ్ళకు ఎదురు పోయాడు. బర్రె ఎగువకు నెమ్మదిగా ఎక్కుతోంది. లింగవ్వ ఆయాసం ఆపుకుని చెప్పింది. ఆమె ముందే ఆలోచించుకుంది. మేసేటప్పుడు కదలదని నువ్వే అంటివి, దానికి మేత పెడదాం అంది. ట్రాలీలోంచి చెదిరిపడ్డ రవళి చీరలు, దుప్పటి మూటగట్టి తెచ్చింది. మూటను కూతురి ముందు పట్టుకుంది.

"ఉమ్ము బిడ్డా."

రవళి ఏడుస్తూ ఉమ్మింది. నోరెండిపోయి రావడం లేదు. లింగవ్వ ఆమె చెంపలు నొక్కి మళ్ళీ ఉమ్మించింది. మొండయ్య పెద్దకొడుకు తన తండ్రి మట్టిని అరుగు మీదే విడిచి, పిల్లను మోటారుసైకిలు ఎక్కించుకుని అడ్డదారిన వాగు వైపు పోయాడు.

ఓదెలు ఇల్లు ఊరికి ఈ చివరనే. కప్పు లేదు. నడిమింట్లో బర్రె చివరి మేతకని పోసిన కుప్ప ఉంది. పాత పరుపులు, టైర్లు, కప్పు గడ్డి. ఓదెలు డీజిలంతా దాని మీద పోశాడు. ముందు గడపలోంచి లింగవ్వ మూట తెచ్చి కుప్ప మీద పడేసి, వెనక దర్వాజా తీసేసిన బొక్కలోంచి బయటపడాలి. బర్రె మూట మీద కూర్చోగానే అతను కిటికీలోంచి నిప్పు వెయ్యాలి. నేల అంటుకుంటే అంటుకోనీ. పిల్ల బతకాలి.

బర్రె వాడలోకి వచ్చింది. లింగవ్వ మూట ఎత్తి చూపించి లోపలికి నడిచింది. పరిగెత్తలేదు. పరిగెత్తితే అది వేరే వాసన పట్టుకుంటుందేమోనని ఆమెకు భయం.

అప్పుడే సదానందం వచ్చాడు. వేలాడుతున్న దవడతో ఏదో చెబుతున్నాడు. నోటివెంట నెత్తురూ, ఊళ లాంటి చప్పుడూ తప్ప మాట రావడం లేదు. లింగవ్వ వైపు వేలు చూపిస్తున్నాడు, తన నోరు చూపించుకుంటున్నాడు, గుప్పిలి ముడిచి గాలిలో తిప్పుతున్నాడు. నిప్పు ఆపడానికే వచ్చాడనుకున్నాడు ఓదెలు. గుండెల మీద తన్నాడు. సదానందం పడి, లేచి, అన్న కాళ్ళు పట్టుకున్నాడు. ఓదెలు మళ్ళీ తన్నాడు.

కిటికీ బొక్కలోంచి చూశాడు. బర్రె గడప దాటింది. కుప్ప ఎక్కింది. రవళి ఉమ్మిన మూట మీదుగా ఆగకుండా పోయింది.

అప్పుడు ఓదెలుకు తెలిసింది. తమ్ముడు తిప్పిన గుప్పిలి ఏమిటో తెలిసింది. కూతురి ఉమ్మి కూతురి దిష్టిలో మాత్రమే ఉంది. ఊరందరి దిష్టిలోనూ లింగవ్వ ఉమ్మి ఉంది. తీసేటామె కూడా తూ తూ అనాలి. ప్రతి పూటా, ప్రతి గుప్పిట్లో, దాని నాలుక మీద తప్పకుండా పడింది ఆమె ఎంగిలే. ట్రాలీ వెంట అది పోయింది పిల్ల కోసం కాదు. తల్లీబిడ్డలు చెరో దిక్కూ పరిగెత్తినప్పుడు అది తల్లి వైపు మళ్ళింది. దిబ్బ మీద నుంచి సదానందం చూసింది అదే.

లింగవ్వ వెనక దర్వాజా బొక్క దాకా పోయింది. ఒక కాలు బయట పెట్టింది. బర్రె ఆమె లోపలి కాలు పట్టుకుంది.

సదానందం గోడ దూకాడు. ఓదెలు గొడ్డలితో అటువైపు నుంచి వచ్చాడు. అప్పటికి అది ఆమె నడుము దాకా ఎక్కింది. సదానందం కుడిచెయ్యి మోచేతి దాకా దాని కిందికి దూర్చి, వదినె మొలను పట్టుకుని లాగాడు. ఓదెలు నరికాడు. తోలు చీలింది, మూసుకుంది. నల్లనీరు, ఎర్రనీరు కలిసి అతని పాదాల మీద పారాయి. సదానందం వెనక్కి పడ్డాడు. అతని చెయ్యి మోచేతి దగ్గర ఆగిపోయింది. ఎముక తెల్లగా, గీకి తోమినట్టు ఉంది.

లింగవ్వ అరవలేదు. దర్వాజా పక్క గోడను రెండు చేతులా పట్టుకుని ఉంది. గోడ మన్ను ఆమె గోళ్ళ కింద పెళ్ళలుగా రాలుతోంది. మొగుడి మొహంలోకి చూసింది.

"ముట్టియ్యి. ఇది లేస్తె మల్ల పిల్లెనక వోతది."

ఓదెలు కదల్లేదు.

"ఏమయ్యా. ముట్టియ్యి."

అతను అగ్గిపుల్ల గీశాడు. మొదటిది ఆరిపోయింది. రెండోదాన్ని అరచేతుల మధ్య దాచి, డీజిలు పట్టిన గడ్డి మీద పెట్టాడు.

మంట గోడల మధ్య నిలువునా లేచింది. బర్రె మేస్తూనే ఉంది. వీపు మీద తోలు బుడగలు వచ్చి పగులుతున్నా మేస్తూనే ఉంది. ఓదెలు తమ్ముడిని నడుము పట్టి ఈడ్చుకుంటూ బయటికి వచ్చి, వాడ మలుపులో కూలబడ్డాడు. తన తలపాగా విప్పి ఆ మోచేతికి గట్టిగా బిగించి కట్టాడు. అటువైపు చూడలేదు. వాసన మాత్రం వచ్చింది. గాలి లేదు కాబట్టి చాలాసేపు అక్కడే ముద్దగా నిలబడింది.

సాయంత్రానికి ఆ ఇంటి నడుమ నేల కుంగింది. తెల్లారేసరికి మొండయ్య అరుగు కింద పగులు వచ్చి పొగ లేచింది. అతని కొడుకులు పరిగెత్తి, కుప్పలోని మట్టిని ధోవతిలో ఎత్తుకుని, వెండి బిళ్ళతో సహా గోదావరికి తీసుకుపోయారు. లింగవ్వవి తీసుకుపోవడానికి ఏమీ దొరకలేదు. ఎవరూ ఆ గోడల దగ్గరికి పోలేకపోయారు. గని పని ఆగిపోయింది. ఊరి మీద రాత్రిళ్ళు ఎర్రటి వెలుగు కనబడుతుందని కాలనీలో చెప్పుకున్నారు. ఓదెలు కొత్తింట్లో ఆ వైపు కిటికీ మూసి మేకు కొట్టాడు.

సదానందాన్ని ఆస్పత్రి నుంచి ఎవరు తీసుకురావాలన్న మాట కులపెద్దల్లో వచ్చింది. కొందరు వాడు ఈ కాలనీలో అడుగు పెడితే నరుకుతామన్నారు. మొండయ్య చిన్నకొడుకు, కట్లు కట్టిన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఓదెలు లేచి, ఆటో మాట్లాడుకుని పోయాడు.

తీసుకొచ్చేసరికి మిట్టమధ్యాహ్నమైంది. దవడకు తీగలు కట్టారు. కుడి మోచేతి కింద ఏమీ లేదు. సదానందం గడప బయటే నిలబడ్డాడు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. వద్దని కూడా అనలేదు. కాసేపటికి వచ్చి గోడ పక్కన కూర్చున్నాడు.

పెరట్లో నల్లమట్టి మీద బచ్చలి తీగ పందిరి దాకా పాకింది. మొరం నేలలో చుట్టుపక్కల ఎవరికీ ఇంకా గడ్డి కూడా మొలవలేదు. రవళి వాకిట్లో తచ్చాడి, తీగ దగ్గర నిలబడి, చాలాసేపటికి ఆకులు కోసింది. పప్పులో వేసి వండింది. మూడు కంచాలు పెట్టింది. మూడోది పెట్టేటప్పుడు తండ్రి వైపు చూసింది. అతను తల ఊపాడు.

అన్నం వడ్డించాక సదానందం ఎడమచేత్తో కంచం దగ్గరికి జరుపుకున్నాడు. తీగల మధ్య నోరు వేలు పట్టేంత కూడా తెరుచుకోవడం లేదు. మెతుకులు చుబుకం మీద నుంచి చొక్కా మీద పడ్డాయి. ఏరుకోబోయి ఆగాడు.

ఓదెలు తన కంచం పక్కకు పెట్టాడు. తమ్ముడి కంచం ముందుకు లాక్కున్నాడు. అన్నం, పప్పు, బచ్చలాకు కలిపి, గొడ్డలి పట్టిన చేత్తోనే మెత్తగా పిసికాడు. పలుకు తగలకుండా, పసిపిల్లకు కలిపినట్టు, నీళ్ళు పోసి మళ్ళీ పిసికాడు. కొంచెం కొంచెం వేళ్ళ మీదికి తీసి, ఆ తీగల సందులో పెట్టాడు. సదానందం కళ్ళు మూసుకుని మింగాడు. రవళి తల వంచుకుని తన కంచంలోది తింటోంది. ఓదెలు ఇంకో ముద్ద పిసికాడు.